ఉప్పునేల మొక్క ఏ పద్దు?

సముద్రం ఒక ఊరి పొలాల్లోకి వచ్చి, వెనక్కి వెళ్లిపోయింది. ఉప్పు మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఆ నేలలో వరి మొలవలేదు. గడ్డి కూడా మొలవలేదు.

దూరపు దీవిలో ఉప్పునేలలోనే పెరిగే చెట్టు ఒకటి ఉందని ఊరివాళ్లు విన్నారు. దాని ఆకు కూరకు పనికొస్తుంది. గింజ నూనెనిస్తుంది. బెరడు తాడు పేనడానికి వస్తుంది. ఆ మొక్క తెమ్మని ఎర్నమ్మను ఓడ ఎక్కించారు. ఇంటి దగ్గర ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు, అందుకే ఆమెను పంపారు. ఎర్నమ్మ ఒక మొక్కను కుండలో పెట్టుకుని, దారి పొడుగునా తాను తాగే నీళ్లలో సగం దానికి పోసి, రేవుకు తెచ్చింది.

రేవులో సుంకం మనిషి కుండను ఆపాడు. "ఇది కూరా? నూనెగింజా? నారా?"

"మొక్క బాబూ," అంది ఎర్నమ్మ.

"మొక్కని నాకూ కనిపిస్తోంది. ఏ పద్దు కింద రాయమంటావు? కూరకో దారి, నూనెకో దారి, నారకో దారి. తప్పు దారిన పోతే అవతలి గేటులో పీకి పారేస్తారు. పైన అధికారిగారున్నారు, ఆయన్ని అడుగు. ఆయన ఒకసారి చెప్పారంటే ఇక ఏ గేటులోనూ ఎవరూ కాదనరు."

ఆ మాట ఆమెకు ధైర్యంగా తోచింది. మెట్లెక్కింది.

అధికారి మంచివాడు. కసరలేదు, చేయి చాపలేదు. కూర్చోమని కుర్చీ చూపించాడు. మొక్కను చాలాసేపు చూశాడు.

"నేను ఇవాళ అన్న మాటే రేపు ఇలాంటి మొక్కతో వచ్చే ప్రతి ఓడకూ చెల్లుతుందమ్మా. తొందరపడి అనకూడదు. గింజ చూడకుండా నూనె అని ఎలా అనను? కాయ కాసేదాకా ఆగు."

"అందాకా ఇదెక్కడుంటాది?"

"రేవు పెరట్లో. నీళ్లు పోసుకో. బయటికి మాత్రం పట్టుకెళ్లకు."

కాయ కాసింది. అప్పుడు బెరడు ముదరాలన్నాడు. బెరడు ముదిరాక, దీవిలో ఆ ఆకును కూరగా తింటారో మందుగా తింటారో కనుక్కురమ్మని మనిషిని పంపాడు. ఆ మనిషి ఎక్కిన ఓడ తిరిగి రాలేదు. ఇంకొకర్ని పంపాడు. ఈలోగా ఆయన తల నెరిసింది.

ఎర్నమ్మ రేవులో చేపలు ఎండబెట్టే పనిలో కుదిరింది. మొదట్లో ఊరి నుంచి ఎవరో ఒకరు వచ్చి, "ఏటైంది పిన్నీ?" అని అడిగేవారు. "సెప్తానన్నారు," అనేది. రానురానూ వాళ్లు రావడం మానేశారు. కొందరు ఉప్పు మడుల్లో కూలికి పోయారనీ, కొందరు ఏ దిక్కు పోయారో తెలియదనీ చేపల బండివాళ్లు చెప్పారు. ఆమె విని, ఎండిన వైపు కిందికి వచ్చేలా చేపల్ని తిరగేసేది. పొద్దు వాలాక మొక్కకు నీళ్లు పోసేది. అది అలవాటైపోయి, కుండ ఎప్పుడు పగిలిందో కూడా చూడలేదు. మొక్క చెట్టయింది. కూలీలు దాని నీడన అన్నాలు తింటున్నారు.

ఒకరోజు అధికారి గోడ పట్టుకుని మెట్లు దిగాడు. "చెప్పడానికి వచ్చానమ్మా," అన్నాడు.

ఎర్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"బయటి నుంచి వచ్చిన సరుకుకే మేం పద్దు చెప్పగలం. ఇది ఈ నేలలోకి వేరు దించింది. కాబట్టి ఇది సరుకు కాదు. బయటిదీ కాదు. దీనికి పద్దు అక్కర్లేదు."

"అయితే పట్టుకుపోవచ్చా బాబూ?"

అధికారి చెట్టు మొదలు వైపు చూశాడు. ఇద్దరు చేతులు కలిపినా కౌగిట పట్టనంత ఉంది. "నేను తప్పు చేశానా?" అన్నాడు.

"తప్పేటుంది బాబూ. మీరూ ముసిలోరైపోనారు," అంది ఎర్నమ్మ.

అప్పుడే పెరడు ఊడ్చే ఆమె ఆ చెట్టు కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని గేటు దాటుతోంది. గేటు దగ్గర మనిషి తలైనా ఎత్తలేదు.

ఎర్నమ్మ పడుతూ లేస్తూ ఆమె వెంట పడింది. "ఒలమ్మీ, అవెక్కడికే?"

"మేకల దడికి అప్పా. కొమ్మలు కొట్టినప్పుడల్లా పట్టుకుపోతాను."

"ఎవులూ ఏటీ అన్లేదా?"

"కొమ్మలకేటంటారు?"

గోడ అవతల ఉప్పు పర్ర, ఒట్టి చవిటి నేల. దడిగా పాతిన కర్రలన్నీ అక్కడ చెట్లయి ఉన్నాయి. పిల్లలు ఆకు దూస్తున్నారు. గుడిసెల ముందు గింజలు ఎండుతున్నాయి. ఒక ముసలాయన తాడు పేనుతున్నాడు.

"ఇదేం సెట్టో మాకూ తెల్దు," అంది ఊడ్చే ఆమె. "పాతితే బతికిపోతాది. నీక్కావాలా? ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపో."

ఎర్నమ్మ ఒక్కటే అందుకుంది. పచ్చి కర్ర, తేలిగ్గానే ఉంది. ఊళ్లో ఇప్పుడు ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో ఆమెకు తెలియదు. అయినా ఊరి దారే పట్టింది. కాళ్లు నొప్పి పుడితే కర్రను ఊతంగా ఆనించి నడిచింది. ఆయాసం వచ్చి ఆగాల్సిన ప్రతిచోటా, అక్కడే వేరు దించేస్తుందేమోనని దాన్ని నేల మీంచి పైకెత్తి పట్టుకుని నిలబడింది.