రాజుగారి కళ్ళ కింద నలుపు

మొగలిపాడు సంస్థానాన్ని ఏలే వీరసింహదేవు మహారాజుకి ఆ ఏడు దసరా ముందు అద్దాల మీద కోపం వచ్చింది. వారంలో ఆరు అద్దాలు మార్పించారు. ఏ అద్దం తెచ్చినా కళ్ళ కింద నల్లటి వలయాలూ, వాటి కింద ఉబ్బిన సంచులూ కనిపిస్తూనే ఉన్నాయి. పాపం, అద్దాలు మాత్రం ఏం చేస్తాయి!

అసలు సంగతి చిన్నదే. కోటలో అయిదు రాత్రులు తోలుబొమ్మలాట ఆడించి, రాజుగారు తెల్లవార్లూ కూర్చుని చూశారు. కళ్ళు కాస్త ఉబ్బాయి, కాస్త నల్లబడ్డాయి. నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే సర్దుకునేదే. కానీ రాజుగారి మొహం దానంతటది బాగుపడితే ఆస్థాన వైద్యుడి పరువేం కాను?

ఆ వైద్యుడు కృత్తివాసశాస్త్రి. ఆయనకంటే ముందు ఆయన బిరుదులు గదిలోకి వచ్చేవి. చందనం, కుంకుమపువ్వు, ఇంకేవో వేర్లు కలిపి నూరి వెండిగిన్నెలో లేపనం పట్టుకొచ్చాడు.

"ఇది మామూలు మందు కాదు ప్రభూ, మంత్రపూతం! రాత్రి నాలుగు ఝాములూ, ఝాము గంట మోగగానే తమరు లేచి, పాతది కడిగి, మంత్రం చదివి కొత్తది పూసుకోవాలి. ఒక్క ఝాము తప్పినా ఫలం ఉండదు" అన్నాడు.

అలా వారం గడిచింది. నలుపు తగ్గకపోగా బుగ్గల మీదికి దిగింది. ఉబ్బు ఇంకా పెరిగింది. విజయదశమి దర్బారు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. రాజుగారు నిండు సభలో శాస్త్రిని నిలదీశారు.

శాస్త్రి తడుముకోలేదు. ఓ మూలగా నిలబడ్డ గవరమ్మ వైపు వేలు చూపించాడు.

"మందులో లోపం లేదు ప్రభూ. పొద్దున్నే తమకి అద్దం పట్టేది ఈవిడ. ఈవిడ దిష్టి తగులుతోంది!"

రాజుగారు బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దం పట్టుకోవడం గవరమ్మ పని. ఇరవై రెండేళ్ళుగా చెయ్యి వణక్కుండా పట్టుకుంటోంది. భర్త పోయాక ఆమెకున్నదల్లా ఆ కొలువూ, కోట గోడ పక్కన ఒక గదీ.

"అయితే గవరమ్మా, రేపటి నుంచి నువ్వు కోటలోకి రానక్కర్లేదు. గది ఖాళీ చెయ్యి" అన్నారు రాజుగారు, ఆవులిస్తూ.

ఆ ఆవులింత గవరమ్మ చూసింది. వారం నుంచీ చూస్తూనే ఉంది. పొద్దున అద్దం ముందు రాజుగారు కూర్చునే కునికిపాట్లు పడుతున్నారు. కానీ శాస్త్రిగారి మంత్రం ఉత్తదని సభలో అంటే ఆమె నోరు అక్కడితో మూయిస్తారు. అందుకని రెండు చేతులూ జోడించింది.

"మహాప్రభో, వెళ్ళిపోతాను. పోయేముందు శాస్త్రులుగార్ని ఒక్క మాట అడగనివ్వండి."

"అడుగు."

"శాస్త్రులుగారూ, ప్రభువుల గోత్రనామాలు చెప్పి గుళ్ళో పంతుళ్ళు జపం చేస్తారు కదండీ, ఆ ఫలం ప్రభువులకి ముడుతుందంటారా?"

"ముట్టకేం? అక్షరాలా ముడుతుంది!"

"మరి తమ లేపనంలో ఉన్నదీ మంత్రమే కదండీ. ప్రభువుల గోత్రనామాలు చెప్పి తమరే పూసుకుంటే?"

శాస్త్రి నోరు తెరిచాడు. ముట్టదంటే మంత్రం పరువు పోతుంది. ముడుతుందంటే...

"ముడుతుంది" అన్నాడు నీళ్ళు నమిలి.

"అయితే దర్బారు దాకా శాస్త్రులుగారే పూసుకోవాలి ప్రభూ. నా దిష్టి సోకకుండా నేను అద్దం జోలికే రాను. తమరు దీపాలు పెట్టగానే కళ్ళు మూసి, తెల్లారేదాకా తెరవకూడదు. ఝాము గంటని కోటలోంచి తీయించి శాస్త్రులుగారి వాకిట్లో పెట్టించండి. గంట మోగినప్పుడల్లా ఆయన చేత దగ్గరుండి పూయించడానికి ఇద్దరు భటులుంటే చాలు. అప్పటికీ నలుపు పోకపోతే నేనే మూట కట్టుకుంటాను."

రాజుగారికి ఆ వైద్యం వినగానే నచ్చింది.

విజయదశమి వచ్చింది. దర్బారులో రాజుగారు అడుగుపెట్టగానే అందరూ ఆయన్నే చూశారు. మొహం కడిగిన ముత్యంలా ఉంది. నలుపు పోయింది. సంచులు పోయాయి.

అప్పుడు శాస్త్రి వచ్చాడు. ఆయన కళ్ళ కింద రెండు నల్లటి సంచులు వేలాడుతున్నాయి. తలపాగా ఒక చెవి మీదికి జారింది. అయినా బింకం తగ్గలేదు. స్తంభం పట్టుకుని నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"చూశారా ప్రభూ! నా లేపనం ఎంత పని చేసిందో! బహుమానం..."

"ఏమంటావు గవరమ్మా? ఈ నాలుగు రోజుల్లో పని చేసింది శాస్త్రిగారి లేపనమేనా?" అని అడిగారు రాజుగారు.

గవరమ్మ తలవంచుకుని నెమ్మదిగా అంది:

"లేపనం కాదు ప్రభూ, లేపడం! నాలుగు ఝాములూ తమర్ని లేపినన్నాళ్ళూ నలుపు తమకి పట్టింది. ఆయన్ని లేపితే ఆయనకి పట్టింది."

ముందు మంత్రిగారు కిసుక్కుమన్నారు. ఆ వెంటనే దర్బారు దర్బారంతా ఘొల్లుమంది. రాజుగారైతే సింహాసనం చేతుల మీద చరుస్తూ నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి గవరమ్మ చేతిలో పెట్టి, "ఇంక నా అద్దం నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ గది నీకు రాసిచ్చాం" అన్నారు. గవరమ్మ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ఇంతకీ శాస్త్రిగారేమంటారు?" అంటూ రాజుగారు ఆయన వైపు తిరిగారు.

శాస్త్రి స్తంభానికి ఆనుకుని, నోరు తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. భటుడొకడు తట్టబోయాడు.

రాజుగారు చెయ్యెత్తి ఆపి, రహస్యంగా అన్నారు:

"ఉష్! ఎవరూ లేపకండి. ఆయనకిప్పుడు మందు పడుతోంది!"