మడుగు అవతలి గొంతు

మద్దిచెట్ల అడవిలో చలికాలం వచ్చిందంటే బారెడు పొద్దెక్కినా మంచు విడవదు. ఆ మంచులోనే కూనల బడి సాగేది. పులి వాసన ఎలా పట్టాలి, ఏ కేక వింటే ఎటు ఉరకాలి, ఏ ఆకు తినాలి, ఏది ముట్టకూడదు, అన్నీ అక్కడే నేర్పేవారు. అడవికి పెద్ద అయిన ముసలి అడవిదున్న భీమరాజు ఎప్పుడో కట్టడి చేశాడు: "ఈ అడవిలో పుట్టిన ప్రతి కూనకూ ఈ బడిలో చోటుంది. కుంటిదైనా గుడ్డిదైనా దానికి తగ్గట్టు చెప్పవలసింది బడే."

ఆ బడికి పంతులు జంబయ్య అనే నక్క. మాట తేనె, చూపు ముల్లు. ఏటా దున్న వచ్చి బడి చూసేవాడు. ఒక్క కేకకు కూనలన్నీ పొదల్లో మాయమైతే "భేష్ పంతులూ" అనేవాడు. ఆ భేష్ కోసం జంబయ్య ప్రాణాలైనా ఇస్తాడు. తనవి కాదు లెండి, ఇతరులవి.

ఆ ఏడు చుక్కమ్మ అనే దుప్పి తన కూన పున్నిని బడిలో వేసింది. పున్నికి పుట్టుచెవుడు. వినపడదు గనక మాటా రాలేదు. ఏం కావాలన్నా తల్లి మెడ కింద ముక్కుతో పొడిచి అడిగేది. బడిలో జంబయ్య కేక వేస్తే కూనలన్నీ చెల్లాచెదురయ్యేవి. పున్ని మాత్రం తోక ఊపుకుంటూ గడ్డి మేసేది.

కొద్ది రోజులకే జంబయ్య చుక్కమ్మను పిలిపించాడు.

"చూడమ్మా, నీ కూన మొండిఘటం. పిలిస్తే పలకదు."

"మొండితనం కాదు పంతులుగారూ, దానికి..."

"కారణాలు నాకెందుకమ్మా? ఇంతమందిని చూసుకోనా, నీ కూన ఒక్కదాన్నే చూసుకోనా? ఇలాంటి కూనల కోసమే తుంగమడుగు అవతల వేరే బడి పెట్టాం. కూనకో పంతులు. బంగారం లాంటి బడి."

"నేనొకసారి వెళ్ళి చూసొస్తాను."

"అయ్యయ్యో, తల్లులు అటు పోకూడదు! మిమ్మల్ని చూస్తే కూనలకు బెంగ. పొద్దున్నే ఒడ్డున నిలబడి పిలువు, అవతలి నుంచి పలుకుతుంది. ఇదంతా బడి నియమం. నువ్వు ఊఁ అంటే చాలు."

నియమం అన్నాక తనలాంటిది ఏం మాట్లాడుతుంది? చుక్కమ్మ ఊఁ అంది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదేనని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ సాయంత్రమే పున్నిని మడుగు దాటించారు. మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ మడుగు ఒడ్డుకు వెళ్ళింది. నీళ్ళ మీద మంచు గోడ కట్టినట్టు ఉంది. అవతల ఏముందో కనపడదు. కప్ప బెకబెక కూడా లేదు. కుంటికూన తల్లి కుందేలు పోలమ్మ, గుడ్డికూన తల్లి ఎలుగుబంటి గట్టమ్మ అప్పటికే వచ్చి ఉన్నారు.

"చిట్టీ!" అని పిలిచింది పోలమ్మ.

"అమ్మా! ఈ రోజు కొత్త పాఠం చెప్పారే!" మంచులోంచి కుందేలు పిల్ల గొంతు.

"బుడ్డోడా!" అంది గట్టమ్మ.

"అమ్మా! కడుపునిండా తేనె పెట్టారు!"

తల్లులిద్దరూ మురిసిపోయారు. చుక్కమ్మకు ఏడుపు వచ్చింది. పిలిచినా తన కూనకు వినపడదు కదా. అయినా మనసాగక, "పున్నీ!" అంది.

"అమ్మా!" అని పలికింది మంచు. లేత గొంతు. తీయని గొంతు. "నేనిక్కడ బాగున్నానమ్మా. నువ్వు ఇంటికి వెళ్ళు."

చుక్కమ్మ గుండె ఒక్కసారి పొంగింది. కూన పుట్టినప్పటి నుంచి ఏ పిలుపు కోసం చెవులు కాయలు కాశాయో ఆ పిలుపు. పున్ని మాట్లాడింది! రెండడుగులు నీళ్ళలోకి వేసింది. అంతలో గిట్టల దగ్గర నుంచి చలి పాకింది. ఏనాడూ ఏ మాటా వినని బిడ్డకు అమ్మ అనే మాట ఎలా తెలిసింది? తను పిలిచింది ఎలా వినపడింది?

"నువ్వు ఇంటికి వెళ్ళు," అంది మళ్ళీ అదే గొంతు, అదే తీపితో.

తల్లుల వెనకే వచ్చి నిలబడ్డ జంబయ్య మీసం దువ్వుకున్నాడు. "విన్నావా చుక్కమ్మా? అక్కడి చదువు అలాంటిది."

చుక్కమ్మ వెనక్కి తిరిగి నడుస్తుంటే దారి మధ్యలో తీతువు పిట్ట కోటమ్మ అడ్డం నిలిచింది. తీతువు కూస్తే కీడని అడవంతా ఆమెను అదిలించేది.

"నీ కూన మాట్లాడిందా అక్కా?" అంది తీతువు.

"మాట్లాడింది. కానీ అది నా కూన కాదు."

"అమ్మయ్య! ఇన్నాళ్ళకు ఒక తల్లి పట్టుకుంది. నా కూనకు రెక్క వంకర. నేనూ ఊఁ అన్నాను. ఒడ్డున నిలబడి గొంతు విని మురిశాను. ఎగిరి వెళ్ళి చూసేసరికి అక్కడ రెండు ఈకలున్నాయి, అంతే. ఆ సంగతి చెబుదామని నోరు తెరిస్తే అపశకునం అని తరుముతున్నారు."

"తల్లులు అటు పోకూడదని నియమం కదమ్మా."

"ఎవరి నియమం? దున్న చేసిన కట్టడిలో ఆ మాటే లేదు. తల్లి ఒప్పుకోకుండా కూనను బడి మార్చకూడదు. ఎక్కడ పెట్టారో తల్లి వెళ్ళి చూడొచ్చు. ఊఁ అన్నది కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఇవేవీ నక్క నీకు చెప్పడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక నక్క పెడతాడా?"

తీతువు గట్టినేల చూపుతూ ముందు నడిచింది. చుక్కమ్మ వెనక నడిచింది. తుంగ దాటాక పాడుబడ్డ సున్నపు బట్టీ ఒకటి కనపడింది. బడి లేదు, పంతులు లేడు. తొక్కిన గడ్డి కూడా లేదు. బట్టీ లోపల కూనలు గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాయి. కదలడం లేదు.

బట్టీ మీద భృంగరాజు పిట్ట వాలి ఉంది. ఏ గొంతయినా ఒకసారి వింటే అచ్చుగుద్దినట్టు దించే పిట్ట అది. "అమ్మా! ఈ రోజు కొత్త పాఠం చెప్పారే!" అని సాధన చేస్తోంది. ఆ ధ్యాసలో, ఆ మంచులో వీళ్ళు వచ్చింది గమనించలేదు. కింద కుంటి కుందేలు పిల్ల పెదవులు బిగించుకుని, తన గొంతు తనే వింటూ కూర్చుంది.

చుక్కమ్మ పున్ని వెనక చేరి మెడ కింద మెల్లగా పొడిచింది. పున్ని చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా తల తిప్పింది.

"ఇప్పుడే తీసుకుపోతాను," అంది చుక్కమ్మ గుసగుసగా.

"నీ కూనను ఒక్కదాన్నే తీసుకుపోతే మిగతావి ఇక్కడే ఉంటాయి," అంది తీతువు. "రేపు దున్న బడి చూడటానికి వస్తున్నాడు, నక్క అతనికి ఈ గొంతులూ వినిపిస్తాడు. పిట్ట ఒడ్డు దగ్గర తుంగలో దాక్కుని పాడుతుంది. అప్పుడిక్కడ కాపలా ఉండదు. ఈ రాత్రికి నేను కూనల దగ్గరే ఉంటాను."

బిడ్డను వదిలి రావడానికి చుక్కమ్మకు ప్రాణం పోయినంత పనైంది. అయినా వచ్చింది.

మర్నాడు ఒడ్డున భీమరాజు నిలబడ్డాడు. జంబయ్య వంగి వంగి దండాలు పెడుతున్నాడు.

"అయ్యా," అంది చుక్కమ్మ ముందుకు వచ్చి, "మా పంతులుగారు మాట రాని నా బిడ్డకు మాట తెప్పించారు. మీరూ వినాలి."

పొగడ్తకు జంబయ్య ఉబ్బిపోయాడు. మాట రాని అన్న మాట అతని చెవికెక్కలేదు. ఏనాడు ఆ తల్లి మాట చెవికెక్కింది గనక? "పిలువమ్మా, పిలువు!" అన్నాడు.

"పున్నీ!"

"అమ్మా! నేనిక్కడ బాగున్నానమ్మా!"

మంచు కదిలింది. ముందు తీతువు వచ్చింది. ఆమె వెనక బురద కాళ్ళతో పున్ని. పున్ని తోక పళ్ళతో పట్టుకుని గుడ్డి ఎలుగుపిల్ల. దాని వీపు మీద కుంటి కుందేలు. ఏ కూనా నోరు తెరవలేదు.

"కడుపునిండా తేనె పెట్టారు!" అంది తుంగలోంచి గొంతు. ఎముకలు తేలిన ఎలుగుపిల్ల ఆ మాట వచ్చిన వైపు తల తిప్పింది. "నేనిక్కడ బాగున్నానమ్మా! నువ్వు ఇంటికి వెళ్ళు!"

మంచులో పిట్టకు ఏమీ కనపడటం లేదు. పాడుతూనే ఉంది. గట్టమ్మ ఒక్క అరుపు అరిచి బిడ్డను వాటేసుకుంది.

"పంతులూ," అన్నాడు దున్న, "ఇక్కడున్న కూన అక్కడ ఎలా పలుకుతోంది?"

"అది... ఈ తల్లులే ఊఁ అన్నారు దొరా!"

"అన్నాను," అంది చుక్కమ్మ. "తెలియక అన్నాను. ఇదిగో అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను. నా కూన ఇక్కడే, ఈ కూనల మధ్యే చదువుతుంది. దానికి చెవుడు. నేల తట్టి చెప్పేవాళ్ళు కావాలి. అది నేను అడుక్కునే భిక్ష కాదయ్యా, మీరు చేసిన కట్టడి."

"నేను తడతాను," అంది కుందేలు పోలమ్మ, వెనక కాలితో నేలను దబదబా బాది. పున్ని ఉలిక్కిపడింది. గిట్టల వైపు చూసుకుంది. మరుక్షణం పొదలోకి ఒక్క దూకు దూకింది.

భీమరాజు జంబయ్య వైపు తిరిగాడు. "భేష్" అనలేదు. కొమ్ములు దించాడు. జంబయ్య తోక ముడిచి మడుగులోకి పరుగెత్తాడు. కాళ్ళ కింద గట్టినేల ఏదో, ఊబి ఏదో అతనికి తెలియదు. ఒక్కసారైనా ఆ మడుగు దాటి కూనల్ని చూడబోయిన పంతులైతే కదా తెలిసేది! మంచు అతన్ని మింగేసింది.

బిడ్డ బాగుందని ఎవరు చెప్పినా సరే, తల్లి వెళ్ళి చూడాలి, రావలసింది అడిగి తీసుకోవాలి.