సుంకన్న కోసిన మూడు మోటలు

ఒకానొక కాలంలో, అని మొదలుపెట్టేది మా జేజి, మా నాయన తల్లి. ఏ కాలం జేజీ అని అడిగితే, "మా జేజికి కూడా తెలియని కాలం" అనేది. నాకూ తెలియదు. తెలిసినంత చెబుతాను, మీరు ఊఁ కొట్టండి.

ఒకానొక కాలంలో సుద్దవంక అని ఒక ఊరు ఉండేది. ఊరికి పైన రాళ్ళగుట్ట. ఊరికి కింద ఇసుక వంక, వానొస్తేనే పారే వాగు. గుట్టకీ వంకకీ నడుమ ఏటవాలు నేల. ఆ నేలలో మూడు బావులు. పై బావి చెన్నప్పది. నడిమి బావి ఓబులయ్యది. కింది బావి గురవమ్మది. మగడు పోయాక ఆమే సేద్యం చూసుకునేది.

మూడు బావులకీ కింద, వంక ఒడ్డున, తోలుపని చేసేవాళ్ళ వాడ. ఆ వాడకి బావి లేదు. ఊరి బావుల దగ్గరికి వాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని వంక ఇసుకలో గుంత తవ్వుకుని, అందులో ఊరిన నీళ్ళని టెంకాయ చిప్పతో ముంచి కడవలు నింపుకునేవాళ్ళు. ఆ గుంతనే చెలమ అంటారు.

ఆ వాడలో సుంకన్న అని ఒకడు. మోటలు కుట్టేవాడు. మోట అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. అదొక పెద్ద తోలు సంచి. మోకు కట్టి బావిలోకి దించుతారు. ఎద్దులు మోకు లాగుకుంటూ ముందుకు నడిస్తే సంచి నిండా నీళ్ళు పైకొచ్చి కాలవలో పడతాయి. సుంకన్న తంగేడు చెక్క, అంటే బెరడు, దంచి కలిపిన నీళ్ళలో తోలు నానబెట్టి, ఆరబెట్టి, నూనె పట్టించి కుట్టేవాడు. సుంకన్న కుట్టు వేస్తే చుక్క కారదని చుట్టుపక్కల పేరు. తను మాత్రం బావి ఒడ్డు ఎక్కకూడదు. కుట్టిన మోటని దూరంగా పెట్టి వచ్చేవాడు.

అతని పెళ్ళాం లింగమ్మ. పిల్లల్లేరు. తంగేడు చెక్క దంచేది ఆమే, చెలమ నీళ్ళు మోసేది ఆమే. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మొదటి ఎండాకాలం వచ్చింది. చెన్నప్ప సుంకన్నని పిలిపించాడు.

"ఏరా సుంకా, ఈ ఏడు చెరకు నాటుతున్నా. ఈ చిన్న మోట చాలదు. రెండు తోళ్ళు కలిపి పెద్దది కుట్టు."

"అట్లే సామీ" అన్నాడు సుంకన్న. కుట్టాడు. రెండు జతల ఎద్దులు లాగితేగాని పైకి రాని మోట అది. పొద్దు పొడుపు నుంచి పొద్దు కూకేదాకా పై బావిలో దిగుతూనే ఉండేది, ఎక్కుతూనే ఉండేది.

వారం తిరగలేదు. లింగమ్మ కడవ దించి, "చెలమ ఒక మూర దిగిందయ్యా" అంది.

"ఎండాకాలం కదే, దిగదా?" అన్నాడు సుంకన్న.

రెండో ఎండాకాలం వచ్చింది. ఓబులయ్య బావిలో నీళ్ళు అడుక్కి పోయాయి. బావిని ఇంకో నిలువు లోతు తవ్వించి, అతనూ సుంకన్నని పిలిపించాడు. "చెన్నప్ప మోట ఎంతో నా మోటా అంతే ఉండాల. వేలెడు తగ్గినా ఒప్పుకోను."

"అట్లే సామీ" అన్నాడు సుంకన్న. కుట్టాడు.

వారం తిరగలేదు. లింగమ్మ కడవ దించి, "చెలమ ఇంకో మూర దిగిందయ్యా" అంది.

"మనకెందుకే? కుట్టమన్నారు, కుట్టినా."

మూడో ఎండాకాలం వచ్చింది. ఈసారి గురవమ్మ కబురు పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. "నా పైరు ఎండిపోతా ఉంది సుంకన్నా. వాళ్ళిద్దరూ లాగుతుంటే నేను చూస్తా ఎట్లా కూర్చునేది? నాకూ పెద్దదే కుట్టు" అంది.

"అట్లే తల్లీ" అన్నాడు సుంకన్న. కుట్టాడు.

ఈసారి లింగమ్మ చెలమ సంగతి చెప్పలేదు. కడవలోంచి కాసిని నీళ్ళు తీసి మగని అరచేతిలో పోసింది. "చూడు" అంది.

నీళ్ళు లేత ఎరుపుగా ఉన్నాయి. ఆ రంగు సుంకన్నకి తెలుసు. తంగేడు చెక్క రంగు. కొత్త మోట నీళ్ళలో దిగితే నాలుగైదు రోజులు ఆ రంగు వదులుతుంది.

"తోలు నానేసే మన తొట్లలోది కారిందేమో" అన్నాడు.

"మన తొట్లు చెలమకి దిగువన ఉండాయి. దిగువ నీళ్ళు ఎగువకి ఎక్కుతాయా? చెన్నప్ప మోట దించినప్పుడూ ఇట్లే ఎర్రగా వచ్చింది. ఓబులయ్య మోట దించినప్పుడూ వచ్చింది. నాకేదో భ్రమ అనుకున్నా. మూడోసారి కూడా భ్రమేనా? పైన మూడు బావులని మనమనుకుంటున్నాం గానీ, నేల కింద ఉండేవి ఒకే నీళ్ళయ్యా. ఆ మూడు మోటలూ మన చెలమలోనే దిగుతుండాయి."

సుంకన్న చెయ్యి వంచి ఆ నీళ్ళు కింద పోశాడు. "ఇంకేం చేసేది? కుట్టేసినా కదా" అన్నాడు. ఆ మాట అతన్ని చచ్చేదాకా వదల్లేదు.

అప్పటికి చెలమ మనిషి లోతు దాటింది. అంచులు జారకుండా కంపలు గుచ్చారు. ఆడవాళ్ళు వంతులేసుకుని ఒక్కొక్కరే దిగేవాళ్ళు. పైనుంచి ఒకరు కడవ అందుకునేవాళ్ళు. ఒక కడవ నిండాలంటే పొద్దు గజమెత్తు ఎక్కేది.

ఆ రోజు లింగమ్మ వంతు. ఎండ నడినెత్తిన ఉంది. లోపలినుంచి చిప్ప చప్పుడు వినబడుతూ ఉంది. ఉన్నట్టుండి ఇసుక జారింది. అరుపేమీ లేదు. చిప్ప చప్పుడు ఆగిపోయింది, అంతే.

వాడంతా పరుగెత్తింది. చేతులతో తోడారు, తట్టలతో తోడారు. తోడేకొద్దీ ఇసుక జారింది. సుంకన్న గోళ్ళు ఊడి నెత్తురు కారుతున్నా ఆపలేదు. తీసేసరికి లింగమ్మలో ప్రాణం లేదు. చిప్పని మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది.

ఆమెని వంక ఒడ్డునే పూడ్చారు. మూడో రోజు సుంకన్న లేచి ఊళ్ళోకి నడిచాడు.

పై బావి దగ్గరికి పోయి, దూరంగా నిలబడి చేతులు జోడించాడు. "సామీ, పెద్ద మోట విప్పించండి. నీళ్ళన్నీ ఒకటే. మీ బావి లోతుకి పోతే అందరి నీళ్ళూ లోతుకి పోతాయి. నా పెళ్ళాం ఆ నీళ్ళ వెంట పోయే చచ్చింది."

చెన్నప్ప అన్నాడు: "నా నేల, నా బావి. నీ పెళ్ళాం వంకలో పడి చస్తే నా మోటేం చేసింది?"

నడిమి బావి దగ్గరికి పోయాడు. అదే మాట చెప్పాడు. ఓబులయ్య తల గోక్కున్నాడు. "నువ్వు చెప్పేది నిజమేనేమో. పైవాడు ఆపితే నేనూ ఆపుతా" అన్నాడు.

కింది బావి దగ్గరికి పోయాడు. గురవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అయ్యో సుంకన్నా, ఎంత పనైపోయింది! వాళ్ళిద్దరూ ఆపితే నేనూ ఆపుతా" అంది.

మూడు బావులూ తిరిగినా ఒక్క మోటా ఆగలేదు.

ఆ ఏడు వానలు పేరుకి పడ్డాయి. వంకలో ఒక్కరోజే నీళ్ళు పారాయి. మళ్ళీ ఎండలు ముదిరే ముందు, ఎప్పటిలాగే, మూడు మోటలూ సుంకన్న ఇంటికి వచ్చాయి. ఎండి పగిలిన తోలుకి నూనె పెట్టి, తెగిన కుట్లు మళ్ళీ వెయ్యాలి. ఏటా చేసే పనే.

సుంకన్న మూడు మోటల్నీ వాకిట్లో పరిచాడు. పట్టపగలు, వాడంతా చూస్తుండగా, కత్తి తీసుకుని మూడింటినీ నిలువునా కోశాడు.

"ఏం పని సుంకన్నా ఇది? చంపేస్తారు!" అని వాడవాళ్ళు గోల పెట్టారు.

"కుట్టింది నేనే. కోసేది నేనే" అన్నాడు.

ఆ ముక్కల్లోంచే మూడు చిన్న మోటలు కుట్టాడు. మూడూ ఒకే కొలత. ఒక్క ఎద్దుల జత తేలిగ్గా లాగేటంత. మిగిలిన తోలుని పనికి రాకుండా సన్నగా పేలికలు చేసేశాడు. మూడు మోటలూ తీసుకుపోయి, మూడు బావుల దారిలో పెట్టి, "ఇవి చాలు" అని చెప్పి వచ్చాడు.

చెన్నప్ప మనుషులు ఆ పూటే వచ్చారు. సుంకన్న పారిపోలేదు. వాళ్ళు కొట్టిన దెబ్బలకి కుడిచెయ్యి విరిగింది, పక్కటెముకలు విరిగాయి. మళ్ళీ సూది పట్టే యోగం అతనికి లేకపోయింది. లేచి నడిచే యోగమూ లేకపోయింది.

చెన్నప్ప పెద్ద మోట కోసం పక్క ఊరికి మనిషిని పంపాడు. ఈ సంగతంతా అప్పటికే అక్కడి వాడకి తెలిసిపోయింది. మోటలు కుట్టేవాడు తల వంచుకుని, "తోలు ఊరుతా ఉంది సామీ" అన్నాడు. రెండో ఊరికి పంపాడు. "తోలు ఊరుతా ఉంది సామీ." మూడో ఊరికి పంపాడు. "తోలు ఊరుతా ఉంది సామీ." ఎన్నిసార్లు పంపినా, ఎన్ని కేకలేసినా ఆ ఎండాకాలమంతా ఎవరి తోలూ ఊరడం కాలేదు.

వేరే దారి లేక మూడు బావుల్లోనూ చిన్న మోటలే దిగాయి. చెన్నప్ప చెరకు సగానికి పైగా ఎండిపోయింది. ఓబులయ్య వరి వదిలేసి కొర్ర చల్లాడు. అందరూ సుంకన్నని తిట్టారు. నోరు ఉన్నవాళ్ళంతా తిట్టారు.

నెల గడిచింది. గురవమ్మ తన బావిలోకి తొంగి చూసింది. నీళ్ళు అంతకుముందు ఏ మెట్టు దగ్గర ఉన్నాయో ఆ మెట్టు దగ్గరే ఉన్నాయి. ఇంకో నెల గడిచింది. రెండు మెట్లు పైకొచ్చాయి. వాన చినుకు లేదు. పై బావులు లాగడం తగ్గింది, అంతే.  ఆమె లేచి వాడకి నడిచింది. బావి ఉన్నవాళ్ళు తామే వాడకి నడిచి రావడం అదే మొదలు.

సుంకన్న గుడిసెలో చాప మీద పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతూ ఉంది. గురవమ్మ గడప బయటే నిలబడింది.

"సుంకన్నా, నా బావిలో రెండు మెట్లు నీళ్ళు పెరిగినాయి. నువ్వు చెప్పిందే నిజం."

సుంకన్న కళ్ళు తెరిచాడు. "చెలమలో ఎంత ఉండాయి తల్లీ?" అని అడిగాడు.

 ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే ముసలిదవుతూ, గురవమ్మ ఏనాడూ చెలమ చూడలేదు.

"చూసి రా తల్లీ" అన్నాడు.

ఆమె వంకలోకి పోయింది. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు భయపడి పక్కకి జరిగారు. గురవమ్మ చీర ఎగదోపి, కంపలు పట్టుకుని, ఆ గుంతలోకి దిగింది. అడుగున వంగి చెయ్యి పెట్టింది. వేళ్ళు మునిగాయి, మణికట్టు మునిగింది, మోచెయ్యి దాకా మునిగింది. తలెత్తి చూస్తే ఇసుక గోడలు మీదికి వంగినట్టున్నాయి, ఆకాశం చిన్న బిళ్ళలా ఉంది.  ఇక్కడా ఈ ఆడవాళ్ళు రోజూ దిగేది, అనుకుంది. ఎక్కి వచ్చి, తడి చెయ్యి తుడుచుకోకుండా, పరుగులాంటి నడకతో గుడిసె దగ్గరికి వచ్చింది.

"మూర నీళ్ళు సుంకన్నా! మోచెయ్యి మునిగింది, చూడు!"

లోపలినుంచి జవాబు రాలేదు. వాడ ఆడవాళ్ళు ఇద్దరు లోపలికి పోయి చూసి, బయటికి వచ్చి తల అడ్డంగా ఊపారు.

గురవమ్మ ఆ తడి చేత్తో అక్కడే నిలబడిపోయింది. ఎండకి చెయ్యి ఆరిపోయింది. అప్పుడు ఊళ్ళోకి పోయి, ఓబులయ్యనీ చెన్నప్పనీ పిలిచి ఒకటే మాట అంది: "ముందు చెలమలో చెయ్యి పెట్టి రండి. తర్వాత బావుల గురించి మాట్లాడుకుందాం."

ఓబులయ్య మరునాడే పోయాడు. చెన్నప్ప ఏడాది పట్టి పోయాడు. తప్పు నాది అని అతను ఎన్నడూ అనలేదు. అయినా పోయాడు, దిగాడు, చెయ్యి పెట్టాడు. మూడు ఇళ్ళవాళ్ళూ గుట్ట రాళ్ళు మోయించి చెలమకి చుట్టూ ఒడ్డు కట్టించారు. వాడవాళ్ళని ఊరి బావి ఒడ్డు ఎక్కనివ్వడానికి మాత్రం ఇంకా చాలా తరాలు పట్టింది. మా జేజి ఆ మాట దాచేది కాదు, నేనూ దాచను.

ఇప్పుడు మోటలు లేవు, మోటార్లు వచ్చాయి. బావులు మూడు కాదు, ముప్పై. అయినా సుద్దవంకలో మాఘమాసం పోయాక, ఒకరోజు పొద్దున్నే అందరూ వంకలోకి వస్తారు. బావి ఉన్నవాళ్ళు, బోరు ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు. ఒక్కో ఇంటినుంచి ఒక్కరు చెలమలో చెయ్యి పెడతారు. మోచెయ్యి మునిగితే తడి పంటకి ఒప్పుకుంటారు. మణికట్టే మునిగితే ఊరందరికీ కొర్రా జొన్నా తప్ప వేరే పంట లేదు. వేళ్ళే మునిగితే మోటార్లు ఆపుతారు. ఎవరైనా గొణిగితే, "సుంకన్న కోసేశాడు పో" అంటారు. ఆ పైన ఇంక వాదన ఉండదు.

సుంకన్న పేరు ఊరంతా చెబుతుంది. వాడ ఆడవాళ్ళు మాత్రం ఇంకో పేరు చెబుతారు. చెలమలోకి కాలు పెట్టే ముందు, ఒడ్డు రాయి మీద చెయ్యి ఆనించి, లోపల ఎవరో ఉన్నట్టు పిలుస్తారు.

"లింగమ్మా, దిగుతున్నాం. కాస్త జరుగు తల్లీ."

ఒక్క క్షణం ఆగుతారు. తర్వాత దిగుతారు.