ముందుగదిలో ఆఫీసు

గుమ్మళ్ళపాలెంలో తెలివైన వాళ్ళెవరన్న మాట వస్తే గవర్రాజుగారి ఇంట్లో వాళ్ళు ఏమీ మాట్లాడరు. ఊరందరికీ తెలిసిన సంగతి మళ్ళీ మనం చెప్పుకోవడం ఎందుకని వాళ్ళ ఉద్దేశం. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు జిల్లా మొత్తంలో తమదొక్కటేనని గవర్రాజుగారికి గట్టి నమ్మకం. మిగతా జనం సగం విని, మిగిలిన సగం సొంత బుర్రలోంచి తీసి కలుపుతారట, లోకంలో గొడవలన్నీ అక్కడే పుడుతున్నాయట. తమ ఇంట్లో సొంత బుర్రలోంచి ఎవరూ ఏమీ తియ్యరని ఆయన చెప్పుకుంటాడు. ఆ మాట నిజమే, కాదనడానికి లేదు.

ఆయన కొడుకు పేర్రాజుకి కాకినాడలో ఓ ఫ్రిజ్జుల కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం. ఫ్రిజ్జు చల్లబడట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే "అయ్యో, అలాగాండీ" అని రాసుకుని, మెకానిక్కుని పంపాలి. అక్కడే గది తీసుకుని ఉండేవాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరొచ్చేవాడు. అంతా బాగానే ఉంది గానీ, ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. ఆ పిల్ల పాలవాణ్ణి చూసి "మావా" అంటుంది. గేదెని చూసి "అత్తా" అంటుంది. గోడమీది క్యాలెండర్లో వినాయకుణ్ణి కూడా "తాతా" అని పిలుస్తుంది. సంచీ పట్టుకుని బస్సు దిగిన పేర్రాజుని చూస్తే మాత్రం నోరు మూసుకుని వాళ్ళమ్మ నూకరత్నం కుచ్చిళ్ళ వెనక దాక్కుంటుంది. పేర్రాజు ప్రాణం ఉసూరుమనేది. ఆ పిల్ల నోట "నాన్నా" అన్న పిలుపు వింటే చాలు, వాడికింకేం అక్కర్లేదు.

అందుకే మేనేజరు సుదర్శనంగారి కాళ్ళావేళ్ళా పడి, ఇంటినుంచే పని చేసుకుంటానని ఒప్పించాడు. ఓ నెల చూస్తాను, తేడా వస్తే మళ్ళీ కాకినాడే అన్నాడాయన. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు.

"ఇంట్లో ఉన్నా సరే పేర్రాజూ, ఆఫీసులో ఉన్నట్టే ఉండాలి."

ఇంకేముంది. సోమవారం పొద్దున్నే ముందుగదిలో బల్ల, కుర్చీ వేశారు. ఆఫీసన్నాక వాచ్‌మన్ ఉండాలి కదా అని గవర్రాజుగారు తమ్ముడి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు. కొడుకు లోపలికి వెళ్ళబోతే లేచి సెల్యూట్ కొట్టి, మెడలో కార్డేదని అడిగాడు. కార్డు పెరటి దండెం మీద చొక్కాకి ఉండిపోయింది. తండ్రయినా సరే వదల్లేదు. తెచ్చుకున్నాకే లోపలికి పంపించాడు. తల్లి మంగాయమ్మ వంటింటి కిటికీలోంచి క్యాంటీను నడిపింది. పేర్రాజు కాఫీ అడిగితే వరసలో నిలబడమంది. వాడు కాసేపు ఒక్కడే వరసలో నిలబడ్డాడు.

నూకరత్నం పేర్రాజుకి మేనమామ కూతురు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాణ్ణి "బావా" అంటుంది. ఆఫీసులో బావలేంటి, బాగోదని "సార్" అనడం మొదలెట్టింది. వాడు కూడా పరాయి ఆడమనిషితో ఎక్కువ మాటలు పెట్టుకోకూడదని తలొంచుకుని పని చేసుకున్నాడు. సాయంత్రం ఆరవగానే ఆఫీసు వెళ్ళిపోయి ఇల్లొచ్చేసేది. అప్పుడు మళ్ళీ బావ, పక్కనే కూర్చుని కొసరి కొసరి వడ్డించడం.

పిల్ల మాత్రం పగలంతా విన్న మాటే పట్టుకుంది. ఓ సాయంత్రం పేర్రాజు ఎత్తుకోబోతే చేతులు కట్టుకుని "సార్" అంది.  వాడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నూకరత్నం అది చూసి, ఆరు లోపల సార్, ఆరు దాటితే నాన్న అని రోజూ పిల్లకి నేర్పడం మొదలెట్టింది. పిల్ల చురుకైనదే. గడియారం చూడ్డం రాదు, అదొక్కటే లోపం.

ఇంతలో వీడియో మీటింగులు వచ్చాయి. సుదర్శనంగారు ముందే చెప్పాడు, కెమెరాలో గోడ తప్ప ఇంకేమీ కనపడకూడదని, కొందరి ఇళ్ళల్లో ఆరేసిన బట్టలు కనపడుతున్నాయని. అంతే. పేర్రాజు కెమెరాని గోడకి తిప్పి, తను బల్ల కింద కూర్చున్నాడు. సుదర్శనంగారు కాసేపు ఆ గోడతోనే మాట్లాడి, చివరికి ఎక్కడున్నావయ్యా అని అడిగాడు.

"బల్ల కిందండీ. గోడ బాగా కనపడుతోందాండీ?"

ఆయన చాలాసేపు ఊపిరి పీల్చుకుని, గోడతోపాటు మొహం కూడా కనపడాలయ్యా అన్నాడు. ఇంట్లో పెద్ద చర్చయింది. గోడ కనపడాలి, మొహం కనపడాలి, మూడోది కనపడకూడదు. మరి చొక్కా మాటేంటి? గవర్రాజుగారు గోడకి వేసిన నీలం సున్నమే ఇంకాస్త కలిపి, కొడుకు చొక్కా అందులో ముంచి ఆరేశాడు. మర్నాడు అది తొడుక్కుని కూర్చుంటే గోడ ఎక్కడ అయ్యిందో పేర్రాజు ఎక్కడ మొదలయ్యాడో ఎవరికీ తెలియలేదు. మీటింగులో ఓ అమ్మాయి గోడలోంచి తలకాయ వచ్చి గుడ్మార్నింగ్ చెప్పడం చూసి జడుసుకుని, రెండ్రోజులు సెలవు పెట్టింది.

ఆ తర్వాత ఇంటి చప్పుళ్ళు వినపడకూడదన్నాడు సుదర్శనంగారు. అంతే, గేదెని తోలుకెళ్ళి పక్కింట్లో కట్టేశారు. కుక్కరు కూడా వాళ్ళకే ఇచ్చారు. పిల్ల కాళ్ళ పట్టీలకి గుడ్డ చుట్టారు. మంగాయమ్మకి తుమ్మొస్తే చెరువుగట్టు దాకా పరిగెత్తి అక్కడ తుమ్మి వచ్చేది. పక్కింటివాళ్ళు మాత్రం ఏం పాపం చేశారని అడక్కండి, వాళ్ళు ఏ ఆఫీసులోనూ పని చెయ్యట్లేదు కదా.

ఇవన్నీ ఒకెత్తు. చెవులకి పెట్టుకునే ఫోను ఒకటి కంపెనీ వాళ్ళు పార్సిల్లో పంపించారు, అసలు గొడవ దాంతో వచ్చింది. పార్సిలబ్బాయి గుమ్మంలోకొచ్చి, పేర్రాజుగారు ఇంట్లో ఉన్నారా అని అడిగాడు. గవర్రాజుగారు అబద్ధం ఆడే మనిషి కాదు. ఇంట్లో లేడు, ఆఫీసులో ఉన్నాడన్నాడు. ఆ అబ్బాయి మర్నాడూ వచ్చాడు, మర్నాడూ అదే జవాబు. పార్సిలు తిరిగి కాకినాడ వెళ్ళింది, పైన "మనిషి ఇంట్లో ఉండట్లేదు" అని రాసి మరీ.

సుదర్శనంగారికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో పని చేస్తానని చెప్పి ఊరంతా తిరుగుతున్నావా అని కడిగేశాడు. రేపు హైదరాబాదు నుంచి పెద్ద మేడం వీడియోలో చూస్తారు, ఏ కాస్త తేడా కనపడినా సర్దుకుని కాకినాడ వచ్చెయ్యమన్నాడు. పేర్రాజుకి రాత్రంతా నిద్ర లేదు. పిల్ల ఇంకా నాన్నా అనలేదు, అప్పుడే కాకినాడేంటి భగవంతుడా అనుకుంటూ దొర్లాడు.

మర్నాడు ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు. పేర్రాజు నీలం చొక్కాలో గోడకి అతుక్కుని కూర్చున్నాడు. మేడం అడిగినవాటికి చక్కగా జవాబులు చెప్పాడు. ఆవిడ తల ఊపుతోంది, సుదర్శనంగారి మొహం తేటపడుతోంది. సరిగ్గా అప్పుడు పిల్ల ముందుగదిలోకి నడిచొచ్చింది. గుమ్మంలో తాత ఆపబోయాడు గానీ, మెడలో తాయెత్తు వేలాడుతుంటే కార్డే అనుకుని సెల్యూట్ కొట్టి లోపలికి వదిలేశాడు.

పిల్ల వచ్చి పేర్రాజు మోకాలు పట్టుకుని, మొహంలోకి చూసి, "నాన్నా" అంది.

పేర్రాజుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ వాటంతటవే కిందికి వెళ్ళాయి. అంతలో ఆఫీసు గుర్తొచ్చి, చేతులు బల్లమీద పెట్టేసుకున్నాడు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు మర్యాదగా. "మీ నాన్నగారు ఇంటి దగ్గర ఉంటారు. ఆరు దాటాక రండి."

పిల్ల మూతి వంకర తిరిగింది. మళ్ళీ "నాన్నా" అంది. మేడం ముందుకు వంగి, ఆ పాప మీ పాపే కదా అని అడిగింది.

"ఆరు దాటాక నా కూతురేనండి. ఇప్పుడైతే ఎవరో తెలీదండి."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత, ఇంత నిష్ఠగా పని చేసే మనిషిని తను చూడలేదని, ఇంక ఈ పరీక్షలు చాలని, ఎన్నాళ్ళైనా సరే అక్కణ్ణించే పని చేసుకోమని చెప్పింది. 

"ఇవాళ్టికి పని చాలు. ముందు లేచి ఇంటికెళ్ళి, ఆ పాపని ఎత్తుకోండి," అంది మేడం.

పేర్రాజు ఆనందానికి అంతు లేదు. ఒక్క ఉదుటున లేచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. రోజూ ఆరింటికి ఆఫీసే వెళ్ళిపోయేది, వీడు ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం, ఆఫీసింకా నడుస్తోంది. నడుస్తున్న ఆఫీసులోంచి ఇంటికెళ్ళడం ఎలా? వాచ్‌మన్‌ని అడిగాడు. గవర్రాజుగారు బాగా ఆలోచించి, ఇన్నాళ్ళూ ఎలా వచ్చేవాడివో అలాగే రమ్మన్నాడు. నిజమే కదా. కాకినాడ బస్టాండు కాంప్లెక్సులో బస్సెక్కి వచ్చేవాడు. ఆ బస్సెక్కాలంటే ముందు కాకినాడ వెళ్ళాలి.

అంతే, సంచీ తీసుకుని రోడ్డుమీదికి పరిగెత్తి కాకినాడ బస్సెక్కాడు. పిల్ల అరుగుమీద నిలబడి "నాన్నా, నాన్నా" అని పిలుస్తూనే ఉంది. మంగాయమ్మ దాన్ని ఊరుకోబెడుతూ, వచ్చేస్తున్నాడమ్మా, అందుకే వెళ్ళాడని చెప్పింది. కాకినాడలో బస్సు ఓ పట్టాన దొరకలేదు, దొరికిన దాంట్లో సీటు లేదు. వాడు నిలబడి ఊరు చేరేసరికి దీపాలు పెట్టారు. పిలిచి పిలిచి పిల్ల నిద్రపోయింది.

"ఇంత ఆలస్యమేంటి బావా," అంది నూకరత్నం. "మధ్యాహ్నం నుంచీ నీకోసమే ఏడ్చింది."

పేర్రాజు పిల్ల పక్కన చతికిలపడి, ఆ చిన్ని పాదం చేతిలోకి తీసుకుని బెంగగా చూశాడు. ఆ రాత్రి నలుగురూ కూర్చుని ఆలోచించారు. కాకినాడలో ఉన్నప్పుడు ఇంటికి రావడానికి ఒక్క బస్సు చాలేది. ఇంట్లో ఉంటే ఇంటికి రావడానికి రెండు బస్సులు ఎక్కాల్సొస్తోంది. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇంత దూరాభారం కుదరదని అందరూ ఒప్పుకున్నారు.

తెల్లారగానే పేర్రాజు సుదర్శనంగారికి ఫోన్ చేసి, ఇంటికి దగ్గరగా ఉంటుందని, మళ్ళీ కాకినాడకే వేయించుకున్నాడు. ఆయన ఎందుకని కూడా అడగలేదు. ఆదివారం సాయంత్రం బస్సు కదులుతుంటే, నూకరత్నం చంకలోంచి పిల్ల రెండు చేతులూ చాపి "నాన్నా" అని ఊరంతా వినపడేలా పిలిచింది. పేర్రాజు కిటికీలోంచి తల బయటపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి ఊపాడు.

"దగ్గరికి వెళ్తున్నానని ఎంత సంతోషపడుతోందో చూడండి," అన్నాడు పక్కసీటాయనతో.