పైడితల్లికి పెట్టిన ఇంగ్లీషు పరీక్ష

సముద్రపు ఒడ్డున ఒక జమీందారీ ఉండేది. జమీందారు అక్కడ ఇంగ్లీషు బడి పెట్టి, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చని చాటింపు వేయించాడు. చేపలమ్మే పైడితల్లి కూడా వెళ్ళింది. ఓడల మీద వచ్చే దొరలతో దళారి లేకుండా తానే బేరమాడాలని ఆమె కోరిక.

ఆమె బడిలో కూర్చోవడం విశ్వపతి పంతులుకు నచ్చలేదు. జమీందారు ఎదుటే పరీక్ష పెట్టాడు. పలక మీద ఒక మాట రాసి, "ఇది డో. అంటే పిండిముద్ద" అన్నాడు. తర్వాత మొదటి అక్షరం ఒక్కటే చెరిపి, 'క' పలికే అక్షరం పెట్టాడు.

"ఇప్పుడు చదువు."

"కో" అంది పైడితల్లి.

"కాదు, కాఫ్! అంటే దగ్గు."

ఈసారి అక్కడ 'బ' పలికే అక్షరం పెట్టాడు.

"అయితే ఇది బాఫ్" అంది పైడితల్లి.

"కాదు, బౌ! అంటే చెట్టుకొమ్మ. ప్రభూ, ఈమెకు చదువు అబ్బదు."

"మిగతా అక్షరాలన్నీ అవే కదయ్యా, పలుకెందుకు మారింది?" అని అడిగింది పైడితల్లి.

"అది ఊహిస్తే తెలిసేది కాదు. గురువు చెబితేనే తెలుస్తుంది!" అన్నాడు పంతులు గర్వంగా.

పైడితల్లి జమీందారుకు దణ్ణం పెట్టింది. "విన్నారా బాబూ? గురువు చెబితేనే తెలుస్తుందట. నాకింకా ఏ గురువూ చెప్పలేదు. అందుకే గదా బడికొచ్చాను!"

జమీందారు పకపకా నవ్వాడు. "పంతులుగారూ, ఇక పాఠం మొదలుపెట్టండి."

మరుసటి ఏడు ఓడ రేవుకొచ్చినప్పుడు పైడితల్లి తన బేరం తానే మాట్లాడుకుంది. అది చూసిన పల్లె ఆడవాళ్ళు మర్నాడే పలకలు కొనుక్కున్నారు.