భల్లయ్య మూడు దెబ్బలు

మా అడవిలో పెళ్లంటే నక్క సింగయ్య బ్యాండే. ఏనుగుది పెద్ద బాకా, గాడిదది ట్రంపెట్, నక్కది క్లారినెట్. డ్రమ్ము మాత్రం ముసలి ఎలుగుబంటి భల్లయ్యది. ఆ చెయ్యి పడిందంటే కుంటి కుందేలైనా ఎగరాల్సిందే. అంత పనితనం ఉండి ఏం లాభం? పదేళ్లుగా ఏ పెళ్లిలోనూ కడుపారా తిన్న పాపాన పోలేదు.

భోజనాల పిలుపు రాగానే నక్క మొదలుపెట్టేది. "మామా, జనం నీ చెయ్యే వినాలంటున్నారు. కాసేపు ఒక్కడివే వాయించు." అతను వాయిస్తుంటే మిగతావాళ్లు బంతిలో కూర్చుని లాగించేవారు. డ్రమ్ము మీద మూడు గట్టి దెబ్బలు పడితే అందరూ ఒక్కసారిగా ఊదాలని ఆ బ్యాండు కట్టుబాటు. "మేం తినొచ్చాకే ఆ మూడూ వెయ్యి మామా" అనేది నక్క. భల్లయ్య వెళ్లేసరికి గిన్నెలు ఖాళీ.

ఆ రోజు నెమలి ఇంట పెళ్లి. భల్లయ్యకి భుజాలు లాగేస్తున్నాయి. పొద్దున్నుంచి మంచినీళ్లే.

"అల్లుడూ, ఇవాళ నా వల్ల కాదు. ముందు నన్ను తిననీ."

"నీలాంటి విద్వాంసుడు తిండి గురించి మాట్లాడితే బాగుంటుందా మామా?"

భల్లయ్యకి కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. "సరేలే, వెళ్లండి" అన్నాడు.

వాయించాడు. చినుకుల్లా మొదలెట్టి జడివాన కురిపించాడు. పెళ్లివారు విస్తళ్లు మరిచిపోయి చూస్తున్నారు. నక్క పెద్ద పనస తొన నోట్లో కుక్కుకుంది. సరిగ్గా అప్పుడు మూడు దెబ్బలు వేసి, కర్రలు కింద పెట్టేశాడు భల్లయ్య.

అలవాటు ఊరుకుంటుందా! అందరూ పక్కనున్న వాయిద్యాలు అందుకుని ఊదేశారు. ఏనుగు బాకాలోంచి పాయసం చిమ్మి పెళ్లికొడుకు తలపాగా తడిసింది. క్లారినెట్లో పనసపండు ఇరుక్కుని నక్కకి ఊపిరాడలేదు.

"ఏమయ్యా సింగయ్యా, ఏమిటీ భాగోతం?" అంది పెళ్లికూతురి తల్లి.

"అది కాదమ్మా, ఈయన ముందే కొట్టేశాడు..."

"ఆయన కొట్టాడు సరే. మేళం పెట్టుకున్నది మీరు తింటుంటే చూడ్డానికా?"

ఆవిడ భల్లయ్యని తీసుకెళ్లి విస్తరి ముందు కూర్చోబెట్టింది. "ఆయన తిన్నంతసేపూ నువ్వు ఒక్కడివే వాయించు" అని నక్కకి చెప్పింది.

భుజాల నొప్పికి భల్లయ్యకి ముద్ద నోటిదాకా ఎత్తడమే కష్టంగా ఉంది. అందుకని చాలా నెమ్మదిగా తిన్నాడు. రెండోసారి పులిహోర కూడా అడిగాడు.

పనిమంతుణ్ణి పొగిడి పస్తు పెట్టేవాడు ఏదో ఒకనాడు నిండు నోటితో నలుగురిలో దొరికిపోతాడు.