వాగుకి ఇవతలి ఫాదర్

లూర్దమ్మకి యాభై నాలుగేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా, జలగలు పట్టాయేమోనని మొహం కంటే ముందు కాళ్లు చూసేది.

వాన ముందు పుట్టిందా, అడవి ముందు పుట్టిందా అని ముసలాళ్లు తగువులాడుకునే కాలంలో, ఎండ నేలకి దిగని ఒక కొండమీద ఆమె ఉండేది. కొండకీ లోకానికీ మధ్య ఒక వాగు. వానలు పడితే దాన్ని దాటినవాడు లేడు. ఆమె మొగుడు తొమ్మిది రోజులు మంచంలో ఎదురుచూశాడు. చివరి ప్రార్థన చెప్పి నూనె రాయాల్సిన ఫాదర్ అవతలి గట్టున ఆగిపోయాడు. మొగుడు ఇవతల పోయాడు. ఆనాటి నుంచి లూర్దమ్మకి ఒకటే కోరిక. వాగుకి ఇవతల ఉండిపోయే ఫాదర్ ఒకడు కావాలి.

ఆ రోజుల్లో ఫాదర్ చదువు చదివే బ్రదర్లు ఆఖరి ఏడాది అడవిలో గడపాలి. ఊళ్లో మగపెద్దలు వాళ్లకి స్వాగతం చెప్పేవాళ్లు. లూర్దమ్మ వండి పెట్టేది. ఏడాది తిరగ్గానే బిషప్పు గారు పంపిన పెద్దాయన వచ్చి తిండి పెట్టిన ఇంటిని అడిగేవాడు.

"ఇతను ఫాదర్ కావడానికి తగునా?"

కొండకి ఒక కట్టుబాటు ఉంది. ఏడాది మన కుండలో తిన్నవాడి గురించి చెడ్డమాట చెప్పకూడదు.

మొదట బాలశౌరి వచ్చాడు. ఆమె చేత జలగలు పీకించుకున్నాడు. ఆమె కాచిన సామల జావ తాగాడు. ఆమె దగ్గరే కొండభాష నేర్చుకున్నాడు. "తగును" అంది లూర్దమ్మ. ఫాదరయ్యాడు, పట్నం గుడికి పంపారు, తిరిగి రాలేదు.

తర్వాత చిన్నప్ప వచ్చాడు. జలగలు పీకించుకున్నాడు, జావ తాగాడు, భాష నేర్చుకున్నాడు. "తగును" అంది. ఫాదరయ్యాడు, పట్నం గుడికి పంపారు, తిరిగి రాలేదు.

మూడోవాడు ఇన్నయ్య. జలగల్ని తనే పీక్కున్నాడు. జావ తనే కాచి, ముందు ఆమెకి పోశాడు. జ్వరం పడ్డ ఇంటికి ఎవరూ పిలవకుండానే వెళ్లేవాడు. కొండకి కావాల్సింది ఇతనే అనుకుంది లూర్దమ్మ. చిక్కంతా అక్కడే వచ్చింది.

తగునంటే పట్నం పంపేస్తారు. తగడంటే ఫాదరే కాడు, పైగా కట్టుబాటు తప్పినట్టు. ఎటు చెప్పినా కొండకి ఫాదర్ లేడు. మూడు రోజులు పొయ్యి ముందు కూర్చుని ఆలోచించింది. ఏమీ అర్థం కాలేదు.

మగపెద్దల్ని అడిగింది.

"ఆడదానివి, నీకెందుకే ఈ గోల? తగునని చెప్పి నీ వంట నువ్వు చూసుకో" అన్నారు.

ఇన్నయ్యనే అడిగింది.

"నాకు ఇక్కడే ఉండాలనుంది పెద్దమ్మా. కానీ పంపేది బిషప్పు గారు కదా. ఏం చెయ్యాలో నాకూ తెలీడం లేదు."

"బాగుంది నాయనా. నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలిసినాయన వాగు దాటడు!"

పెద్దాయన వచ్చాడు. "తగునా?"

నోట్లోంచి ఏం వస్తుందో ఆమెకే తెలీదు. "ఇంకా కాలేదు" అంది.

"ఏం తక్కువమ్మా?"

"ఏమీ తక్కువ లేదు. ఇంకా కాలేదు."

ఇన్నయ్యని ఇంకో ఏడాది కొండమీదే ఉంచారు. మళ్లీ అడిగారు.

"ఇంకా కాలేదు."

"నీకేమన్నా తిక్కా?"

"అదీ ఇంకా తేలలేదయ్యగారూ."

మూడో ఏడు, ఇన్నయ్య ఏం తప్పు చేశాడో బోధపడక, బిషప్పు గారే కొండెక్కారు. ఎక్కిన రోజే వాన మొదలైంది. వాగు పొంగింది. ఆయన తొమ్మిది రోజులు లూర్దమ్మ ఇంట్లో జావ తాగుతూ, ఇన్నయ్య తడుస్తూ ఏ ఇంటికి వెళ్తున్నాడో చూస్తూ కూర్చున్నారు. తొమ్మిదో రోజు అడిగారు.

"తగునా అమ్మా?"

ఇన్నాళ్లుగా తట్టని మాట అప్పుడు తట్టింది ఆమెకి.

"ఎక్కడికి అయ్యగారూ? ఈ కొండకైతే తగును."

బిషప్పు గారు పొంగిన వాగువైపు చూశారు. మర్నాడు ఆ గట్టుమీదే ఇన్నయ్యని ఫాదర్ని చేసి, అక్కడే ఉండమన్నారు.

లూర్దమ్మ పోయి ఎన్ని వానలు కురిశాయో ఎవరికీ తెలీదు. ఆ కొండల్లో ఇప్పటికీ ఎవరిని ఫాదర్ని చెయ్యాలన్నా ముందు ఊళ్లోకెల్లా ముసలామెని అడుగుతారు. "తగునా?" అంటారు. "ఎక్కడికి?" అంటుందామె. ఊరిపేరు చెప్పేదాకా గుడిలో ఫాదర్ని చేసే పూజకి పాట ఎత్తుకోరు. మగపెద్దలు వెనకాల నోరు మూసుకుని నిలబడతారు. పట్నం నుంచి వచ్చినవాళ్లకి ఇదేమిటో అర్థం కాదు.

గుడిలో ఆమెని తలుచుకునేటప్పుడు ఒక్క ముక్క మాత్రం మింగేస్తారు. ఇన్నయ్య ఫాదరైన మరుసటేడే లూర్దమ్మ తేనె కొట్టే ముసలాయన్ని మారుమనువు చేసుకుంది.